బంతి రాకముందే చదవడం: ఆటగాళ్ల చూపుకు, నిర్ణయానికి టెక్నాలజీతో సాన పెట్టే పద్ధతి

గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వదిలిన బంతి బ్యాటర్ దాకా రావడానికి పట్టే సమయం దాదాపు అర సెకను. అందులో చివరి 200 మిల్లీసెకన్లు బ్యాటర్ చేతిలో ఉండవు. అప్పుడు కంటికి కొత్త విషయం కనిపించినా, అది మెదడుకు చేరి బ్యాటు దారి మారేలోపు బంతి దాటిపోతుంది. మిగిలిన 300 మిల్లీసెకన్లలోనే అన్నీ తేలిపోవాలి. అందుకే పెద్ద స్థాయిలో ఆడేవాళ్ల గొప్పతనం కళ్ల వేగంలో కన్నా ముందే చదవడంలో ఉంటుంది. 2000లో మైకేల్ ల్యాండ్, పీటర్ మెక్‌లియోడ్ అనే పరిశోధకులు బ్యాటర్ల తలకు కెమెరా అమర్చి చూపు ఎటు పోతుందో కొలిచారు. బంతి బౌలింగ్ మెషిన్‌లోంచి వెలువడే క్షణం దాకా చూపు అక్కడే ఉంది. ఆ తర్వాత బంతిని వదిలేసి, అది పిచ్ మీద ఎక్కడ పడుతుందో అక్కడికి ముందుగానే దూకి కాచుకుంది. ఆట ఎంత బాగా వస్తే చూపు అలా దూకడం అంత ముందుగా జరిగింది.

చూపు శిక్షణ పేరుతో దొరికే పరికరాలు చాలా ఉన్నాయి. క్షణక్షణానికీ తేటగా, మసకగా మారే స్ట్రోబ్ అద్దాలు, తాకితే ఆరిపోయే దీపాల్లాంటి లైట్ పాడ్స్, తెర మీద బంతుల గుంపును వెంబడించే సాఫ్ట్‌వేర్, వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్లు, కంటి కదలికను కొలిచే కళ్లజోళ్లు. ఏది చేతికొచ్చినా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది చూపించే దృశ్యం ఆటలో కనిపించేదేనా? దానికి ఆటగాడు ఇచ్చే జవాబు ఆటలో ఇచ్చేదేనా? రెండింటికీ అవునంటే నేర్చుకున్నది మైదానంలోకి వస్తుంది. రెండింటికీ కాదంటే ఆ పరికరం మీద స్కోరు పెరుగుతుంది, అంతవరకే. ఇలా అమ్ముడయ్యే పరికరాల మీద జరిగిన పరిశోధనలను 2018లో ఒకచోట చేర్చి సమీక్షించినప్పుడు కూడా, తెర మీది మెరుగుదల ఆటలోకి వస్తుందనడానికి ఆధారం చాలా తక్కువగానే కనిపించింది. పరికరాలు పనికిరావని దీని అర్థం కాదు. వాటిని పెట్టెలోంచి తీసినట్టే వాడితే చాలదు, మన ఆటకు తగ్గట్టు మలచుకోవాలి.

ముందు కంటి పరీక్ష

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. దృష్టి లోపం ఉన్న ఆటగాడికి ఎంత శిక్షణ ఇచ్చినా బంతి కుట్టు కనిపించదు. ఆప్టోమెట్రిస్టు దగ్గర దూరపు చూపు, రెండు కళ్ల సమన్వయం, లోతు అంచనా, రంగుల గుర్తింపు నాలుగూ చూపించండి. రెండు కళ్లనూ విడివిడిగా పరీక్షించాలి. ఒక కన్ను మసకగా ఉన్నా రెండోది లాక్కొస్తుంటే, పదిహేనేళ్లుగా ఆడుతున్నవాళ్లకు కూడా ఆ సంగతి తెలియకపోవచ్చు. రంగుల పరీక్ష ఎందుకంటే, లైట్ పాడ్స్‌తో చేసే చాలా వ్యాయామాల్లో 'ఆకుపచ్చ వస్తే తాకు, ఎరుపు వస్తే వదిలెయ్' అన్న నియమం ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టలేని ఆటగాడు అక్కడ తప్పులు చేస్తే నిర్ణయం బలహీనం అని రాసుకుంటాం. అసలు కారణం రంగు. నీలం, పసుపు వాడితే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది.

మూర్ఛ వ్యాధి ఉన్నా, మెరిసే వెలుతురుకు తలనొప్పి వచ్చే మైగ్రేన్ ఉన్నా, ఈమధ్య తలకు దెబ్బ తగిలినా ముందే రాయించుకోండి. వీళ్లకు స్ట్రోబ్ అద్దాలు, వీఆర్ వద్దు. తలకు దెబ్బ తగిలినవాళ్లు డాక్టరు ఒప్పుకున్నాకే ఏదైనా మొదలుపెట్టాలి. తెర మీద పాత స్కోరు మళ్లీ వచ్చిందని ఆటలోకి పంపడం ప్రమాదం.

క్లిప్‌ను కోసి చూపించడం

మా లెక్కలో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. ఖర్చు కూడా తక్కువ. ఒక ఫోను, ట్రైపాడ్, పెద్ద తెర చాలు. పద్ధతి సులభం: బౌలర్ పరుగెత్తుకొచ్చి బంతి వదిలే వీడియోను సరిగ్గా ఒక ఫ్రేము దగ్గర తెంచేయాలి, తెర నల్లగా అయిపోవాలి, బంతి ఎటు వస్తుందో ఆటగాడు శరీరంతో జవాబు చెప్పాలి. 1987లో బ్యాడ్మింటన్ మీద ఈ పద్ధతితో చేసిన పరిశోధనలో ఒక ముఖ్యమైన సంగతి బయటపడింది. కొత్తవాళ్లు రాకెట్‌నుంచే సమాచారం తీసుకున్నారు. నిపుణులు రాకెట్‌తో పాటు దాన్ని పట్టుకున్న చేయి కదలికను కూడా చదివారు. చేయి రాకెట్ కన్నా ముందే కథ చెప్పేస్తుంది కాబట్టి వాళ్లకు సమయం మిగిలింది.

చిత్రీకరణ ఎలా చేయాలో క్రికెట్ ఉదాహరణగా చెబుతాం. కెమెరా క్రీజులో, బ్యాటర్ కళ్లు ఉండే చోటే ఉండాలి. స్టాన్స్ తీసుకున్న బ్యాటర్ కంటి ఎత్తును టేపుతో కొలిచి ట్రైపాడ్‌ను అదే ఎత్తుకు సర్దండి. అంపైర్ వైపునుంచో ప్రేక్షకుల గ్యాలరీనుంచో తీసిన టీవీ వీడియో పనికిరాదు, ఆ కోణంలో బ్యాటర్ ఎప్పుడూ చూడడు. బంతి నేరుగా కెమెరా మీదికే వస్తుంది కాబట్టి ముందు వల కట్టి, కటకం ముందు చిన్న కంత వదలండి. వల కెమెరాకు ఆనుకుని ఉండకూడదు, బంతి తగిలితే అది వెనక్కి సాగుతుంది.

షట్టర్ స్పీడును ఆటోలో వదిలేయడమే ఎక్కువమంది చేసే పొరపాటు. 140 కిలోమీటర్ల వేగంతో పోయే బంతి 1/125 సెకనులో 31 సెంటీమీటర్లు కదులుతుంది. ఫ్రేములో బంతి కనిపించదు, తెల్లటి చార కనిపిస్తుంది. మణికట్టు కూడా మసకైపోతుంది, మనకు కావలసిందేమో ఆ మణికట్టే. 1/1000 పెడితే అదే బంతి 4 సెంటీమీటర్లే కదులుతుంది, వేళ్లు ఎలా ఉన్నాయో తెలుస్తుంది. దానికి వెలుతురు బాగా కావాలి, అందుకే పగటిపూట తీయండి. హాల్లో ట్యూబులైట్ల కింద ఈ స్పీడు పెడితే వీడియోలో అడ్డచారలు పరుగెడతాయి.

ఫ్రేముల వేగం 60 చాలు. మామూలు టీవీ, ప్రొజెక్టరు సెకనుకు 60 సార్లే బొమ్మ మారుస్తాయి, ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. 120 హెర్ట్జ్ తెర ఉంటే 120లో తీయండి, తెంచే చోటు 8.3 మిల్లీసెకన్ల ఖచ్చితత్వానికి వస్తుంది. ఫోనులో స్లో మోషన్ మోడ్ మాత్రం వాడొద్దు. 120లో తీసిన ఫైలు 30లో ఆడి నాలుగింతలు నెమ్మదిగా కనిపిస్తుంది. నెమ్మది వీడియోలో మణికట్టు అందరికీ కనిపిస్తుంది, మైదానంలో ఎవరికీ కనిపించదు. విశ్లేషణ కోసం నెమ్మదిగా చూడొచ్చు, శిక్షణ మాత్రం అసలు వేగంలోనే.

ఎన్ని బంతులు కావాలంటే, ముగ్గురు బౌలర్లు, నాలుగు రకాల బంతులు (ఆఫ్ వైపు ఫుల్, ఆఫ్ వైపు షార్ట్, లెగ్ వైపు ఫుల్, లెగ్ వైపు షార్ట్), ఒక్కో రకం 12. మొత్తం 144. ఒక్కో బౌలర్‌కు 8 ఓవర్లవుతుంది కాబట్టి రెండు రోజులు పెట్టుకోండి. అలసిన బౌలర్ చేయి కిందికి జారుతుంది, ఆ బంతుల్లో ఆనవాళ్లే మారిపోతాయి. ఇవి కాక ఒక్కో బౌలర్ దగ్గర పది స్లో బంతులు విడిగా తీయండి, వాటి పని తర్వాత ఉంది. బాగా రానివి తీసేస్తే నాలుగు రకాలవి 120 దాకా మిగులుతాయి. వాటిలో 40 పక్కకు తీసి పరీక్షకు దాచేయండి. శిక్షణలో వాటిని ఒక్కసారి కూడా చూపొద్దు.

తెంచడం ఇలా:

1. బంతి వేళ్లను వదిలిన మొదటి ఫ్రేమును పట్టుకోండి. వీఎల్‌సీ ప్లేయర్లో 'ఈ' అక్షరం నొక్కితే ఒక్కో ఫ్రేమే ముందుకు జరుగుతుంది. విండోస్‌లో ఉచితంగా దొరికే కినోవియాతో కూడా ఈ పని అవుతుంది. దీన్ని సున్నా అనుకోండి.
2. ఒక్కో బంతినుంచి మూడు క్లిప్పులు చేయండి. మొదటిది సున్నా తర్వాత 5 ఫ్రేములకు తెగాలి, అంటే బంతి 83 మిల్లీసెకన్లు గాల్లో కనిపిస్తుంది. రెండోది సున్నా దగ్గరే. మూడోది సున్నాకు 6 ఫ్రేములు ముందు, అంటే 100 మిల్లీసెకన్ల ముందు.
3. తెగిన చోట మూడు సెకన్ల నల్ల తెర అతికించండి. చివరి ఫ్రేమును బొమ్మలా ఆపి ఉంచొద్దు. అలా ఆపితే ఆటగాడు ఆ బొమ్మను తీరిగ్గా పరిశీలిస్తాడు, ఆటలో ఆ వెసులుబాటు లేదు.
4. శబ్దం కూడా అదే ఫ్రేము దగ్గర ఆగాలి. బ్యాడ్మింటన్, టెన్నిస్, వాలీబాల్‌లో దెబ్బ చప్పుడు వింటే ఎంత గట్టిగా కొట్టారో తెలిసిపోతుంది.

తెర మీద బౌలర్ ఎంత పెద్దగా ఉండాలన్నదానికి ఒక లెక్క ఉంది. అసలు ఎత్తును ఆటగాడు తెరకు ఎంత దూరంలో నిలబడ్డాడో దానితో గుణించి, బౌలర్ బంతి వదిలే దూరంతో భాగించాలి. 1.8 మీటర్ల బౌలర్ 17.7 మీటర్ల దూరంనుంచి బంతి వదులుతాడు. ఆటగాడు తెరకు 3 మీటర్ల దూరంలో ఉంటే తెర మీద బౌలర్ 30 సెంటీమీటర్లు ఉండాలి. 'పెద్ద తెర ఉంది కదా' అని గోడ నిండా చూపిస్తే మణికట్టు అరచేయంత కనిపిస్తుంది. అలా పెద్దగా చూసి నేర్చినవాడికి నెట్స్‌లో అసలు బౌలర్ ఎదురైతే ఆ మణికట్టు దొరకదు. టీవీ సెట్టింగుల్లో కదలికను నునుపు చేసే సదుపాయం ఉంటుంది, దాన్ని ఆపేయండి. అది ఫ్రేముల మధ్య లేని ఫ్రేములను కల్పించి, మీరు తెంచిన అంచును చెరిపేస్తుంది. గేమ్ మోడ్ ఉంటే అది పెట్టండి.

ఇక జవాబు. ఆటగాడు ప్యాడ్లు కట్టుకుని, బ్యాటు పట్టుకుని, స్టాన్స్‌లో నిలబడాలి. తెర నల్లబడగానే కాలు కదలడం మొదలవ్వాలి. ఫ్రంట్ ఫుట్టా, బ్యాక్ ఫుట్టా, ఆఫ్ వైపా, లెగ్ వైపా అన్నది పక్కనుంచి మరో ఫోనుతో తీసి మార్కులు వేయండి. కుర్చీలో కూర్చుని మీట నొక్కించడం సులువే. కానీ అక్కడ నేర్చుకునేది మీట నొక్కడమే. ఆటలో చూపు కాళ్లతో ముడిపడి ఉంటుంది, ఆ ముడి తెగిన శిక్షణకు విలువ సగం.

ఒకసారి కూర్చుంటే 30 నుంచి 36 క్లిప్పులు, 12 నుంచి 15 నిమిషాలు. వారానికి మూడుసార్లు, ఆరు వారాలు. 83 మిల్లీసెకన్ల క్లిప్పులతో మొదలుపెట్టండి. పదింటికి ఎనిమిది సరిపోతుంటే సున్నాకు దిగండి. సగానికన్నా తక్కువ వస్తే వెనక్కి రండి. సున్నాకు ముందే తెగే క్లిప్పులతో కొంచెం జాగ్రత్త. బంతి చేతిలో ఉండగా లెంగ్త్ చదవడం దాదాపు అసాధ్యం, అది వదిలే క్షణంలో తేలుతుంది. అక్కడ అడగాల్సిన ప్రశ్న వేరు: స్వింగ్ లోపలికా బయటికా, మామూలు బంతా స్లో బంతా. స్లో బంతులు విడిగా తీయమన్నది ఇందుకే. తెలియని సంగతి అడిగి తప్పులు లెక్కపెడితే ఆటగాడికి నమ్మకం పోతుంది.

జవాబు ఇచ్చిన వెంటనే తెగని పూర్తి క్లిప్పు చూపించండి, తప్పొప్పులు అతనే చూసుకుంటాడు. ప్రతిసారీ 'మణికట్టు చూడు' అని చెప్పకండి. ఐదు క్లిప్పులకోసారి 'ఏం కనిపించింది?' అని అడిగితే చాలు. వినే జవాబు ఒక్కోసారి ఆశ్చర్యపరుస్తుంది. 'ఎడమ భుజం ముందే తెరుచుకుంది' అన్న ఆటగాడు, మనం చూపించాలనుకున్న దానికన్నా ముందు ఆనవాలు పట్టేశాడన్నమాట. దాన్ని మార్చొద్దు.

ఈ పద్ధతిలో తప్పే చోట్లు రెండు. ఒకటి, క్లిప్పులు గుర్తుండిపోవడం. షార్ట్ బంతి వేసినప్పుడు వెనక ఎవరో నడుస్తున్నారనో, బౌలర్ చొక్కా చేయి మడిచి ఉందనో ఆటగాడు పట్టేసి అదే జవాబు చెబుతాడు. స్కోరు ఒక్కసారిగా ఎగబాకితే సంతోషించకముందు కొత్త క్లిప్పులతో చూడండి. రెండు, ఒక్క బౌలర్‌కే అలవాటుపడటం. నాలుగో వారంలో కొత్త బౌలర్‌ను తీసి కలపండి.

మిగతా ఆటలకు సున్నాను మార్చుకుంటే సరిపోతుంది. బ్యాడ్మింటన్‌లో రాకెట్ షటిల్‌ను తాకే ఫ్రేము సున్నా, ప్రశ్న స్మాషా డ్రాపా, నేరుగానా అడ్డంగానా. ఫుట్‌బాల్ పెనాల్టీలో కాలు బంతిని తాకే ఫ్రేము సున్నా. 11 మీటర్ల దూరంనుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతికి 0.4 సెకను పడుతుంది కాబట్టి గోల్‌కీపర్ చదవాల్సింది నేల మీద ఆనించిన కాలినీ నడుమునీ. వాలీబాల్‌లో సెట్టర్ చేతులు బంతిని తాకే క్షణం సున్నా.

స్ట్రోబ్ అద్దాలు

ఈ అద్దాలు ఒక క్షణం తేటగా, మరుక్షణం మసకగా మారుతుంటాయి. బంతి ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది, మధ్యలో దారిని మెదడు పూరించుకోవాలి. నైకీ 2011లో తెచ్చిన వేపర్ స్ట్రోబ్‌లో తేట సమయం ఎప్పుడూ 100 మిల్లీసెకన్లే, మసక సమయం మెట్టు మెట్టుకు 67నుంచి 900 దాకా పెరిగేది. అది మార్కెట్లోంచి పోయింది. తర్వాత వచ్చిన సెనాప్టెక్ లాంటివి అదే సూత్రం మీద నడుస్తున్నాయి.

అంకెలు ఎందుకు తెలియాలో చూడండి. 5 మీటర్ల దూరంనుంచి సెకనుకు 8 మీటర్ల వేగంతో విసిరిన బంతి 0.63 సెకనులో చేతికి వస్తుంది. మొదటి మెట్టులో బంతి 80 సెంటీమీటర్లు కనిపించి, 54 సెంటీమీటర్లు మాయమై, మళ్లీ కనిపిస్తుంది. ఇది చేయదగ్గ పని. చివరి మెట్టులో మసక సమయమే 900 మిల్లీసెకన్లు, అంటే బంతి బయల్దేరి చేతిని తాకేదాకా అద్దం తేటపడకపోవచ్చు. అప్పుడు పట్టుకున్నా పట్టుకోకపోయినా అది అదృష్టం. పెద్ద మెట్టు ఎక్కించడం ఘనతగా భావించకండి. విసురులో కనీసం రెండుసార్లు బంతి కనిపించేలా మెట్టును ఎంచుకోండి, లేదా దూరం పెంచండి.

మెత్తటి బంతితోనే చేయాలి. క్రికెట్ బంతి, హాకీ బంతి అస్సలు వద్దు. కింది చేత్తో విసిరే టెన్నిస్ బంతిని రెండు చేతులతో పట్టడం, తర్వాత ఒక చేత్తో, ఆ తర్వాత పక్కకు అడుగు వేసి పట్టడం, చివరగా తేలికపాటి బ్యాటుతో తోయడం. పదిలో ఎనిమిది పడితే ఒక మెట్టు ఎక్కండి, ఐదుకన్నా తగ్గితే దిగండి. రెండు నిమిషాల చొప్పున మూడు సెట్లు చాలు, మధ్యలో నిమిషం విరామం. ఆఖర్న అద్దాలు తీసేసి రెండు నిమిషాలు అదే పని చేయించండి. అప్పుడు బంతి నెమ్మదిగా వస్తున్నట్టు అనిపిస్తుందని దాదాపు అందరూ అంటారు. అది బాగుంటుంది కానీ, దాన్ని ఫలితంగా లెక్కపెట్టకూడదు.

విసిరేవాళ్లు ఒకే లయలో విసిరితే ఆటగాడు బంతిని వదిలేసి లయను నేర్చుకుంటాడు. ఒకసారి రెండు సెకన్లకు, ఒకసారి నాలుగు సెకన్లకు, మధ్యలో ఒక ఉత్తుత్తి విసురు. వెలుతురు తక్కువ ఉన్న హాల్లో మసక సమయం పూర్తి చీకటి అవుతుంది కాబట్టి మెట్టు తగ్గించండి. కళ్లు తిరిగినా, తల బరువెక్కినా ఆ రోజుకు అక్కడితో ఆపేయాలి. 2013లో ఐస్ హాకీ ప్రొఫెషనల్ ఆటగాళ్లకు స్ట్రోబ్ శిక్షణ ఇచ్చి చూసినప్పుడు ఆట మెరుగుపడింది. కానీ పాల్గొన్నది 11 మందే. ఆశ పెట్టుకోవచ్చు, హామీ ఇవ్వలేం.

లైట్ పాడ్స్

ఫిట్‌లైట్, బ్లేజ్‌పాడ్ లాంటివి. వెలిగిన దీపాన్ని తాకి ఆర్పడం. చూడ్డానికి హుషారుగా ఉంటుంది, పిల్లలు ఇష్టపడతారు, కాళ్లకు మంచి పని. కానీ ఏ ప్రత్యర్థీ దీపం వెలిగించి బంతి కొట్టడు. దీపాన్ని చూసి స్పందించే వేగం బ్యాడ్మింటన్‌లో మోసపు డ్రాప్‌ను పట్టుకోవడానికి సాయపడదు. అందుకే దీపాన్ని లక్ష్యంగా కాకుండా నిర్ణయానికి సంకేతంగా వాడాలి.

ఫుట్‌బాల్‌లో ఇది చాలా బాగా కుదురుతుంది. ఆటగాడి వెనక 6 నుంచి 8 మీటర్ల దూరంలో అర్ధచంద్రాకారంగా నాలుగు పాడ్స్ పెట్టండి. ముందునుంచి పాస్ వస్తుంది. బంతి బయల్దేరడానికి ఒక సెకను ముందు వెనక ఒక పాడ్ వెలిగి, ఒక సెకనుకే ఆరిపోవాలి. బంతి అందుకోకముందే భుజం మీదుగా వెనక్కి చూసినవాడికే ఎటు తిరగాలో తెలుస్తుంది. ఇందులో సాధన అయ్యేది ఆటలో రోజూ అవసరమయ్యే అలవాటు. నీలం వెలిగితే అటు తిరగాలి, పసుపు వెలిగితే అక్కడ డిఫెండర్ ఉన్నట్టు, ఒకే తాకుడుతో వెనక్కి ఇచ్చేయాలి. పసుపు మూడింట ఒకసారి రావాలి. ఎప్పుడో ఒకసారి వస్తే నిర్లక్ష్యం, సగంసార్లు వస్తే తటపటాయింపు.

పని 20 నుంచి 30 సెకన్లు, విరామం దానికి రెట్టింపు. విరామం తగ్గిస్తే ఊపిరి ఆడక తప్పులు వస్తాయి, అవి నిర్ణయంలో తప్పులో అలసట తప్పులో తేల్చలేం. దీపాల వరస ఎప్పటికప్పుడు మారేలా చూసుకోండి. ఒకే వరస నాలుగోసారి వచ్చేసరికి కాళ్లకు కంఠతా వచ్చేస్తుంది. పాడ్ చూపించే మిల్లీసెకన్లను మరో కంపెనీ పాడ్‌తోనో ఫోను యాప్‌తోనో పోల్చకండి. బ్లూటూత్, టచ్ స్క్రీన్ తమ ఆలస్యాన్ని కలుపుతాయి, అది పరికరానికో రకంగా ఉంటుంది. ఒకే ఆటగాడు, ఒకే పరికరం, ఒకే అమరిక ఉంటేనే ఆ అంకెకు అర్థం.

బంతుల గుంపు, వీఆర్, కంటి ట్రాకింగ్

తెర మీద ఒకేలా ఉన్న 8 బంతులు. వాటిలో 4 కాసేపు రంగు మారి గుర్తు చూపిస్తాయి, తర్వాత అన్నీ కలిసి 8 సెకన్లు తిరుగుతాయి, ఆగాక ఆ నాలుగూ ఏవో చెప్పాలి. మాంట్రియల్ విశ్వవిద్యాలయానికి చెందిన జోస్లిన్ ఫోబెర్ దీన్ని 3డీలో న్యూరోట్రాకర్‌గా రూపొందించారు. నాలుగూ సరిగ్గా చెబితే వేగం పెరుగుతుంది, తప్పితే తగ్గుతుంది. 20 ప్రయత్నాలకు ఏడెనిమిది నిమిషాలు. బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్ లాంటి గుంపు ఆటలకు కొంత అర్థం ఉంది. కానీ ఆటలోని మనుషులు బంతుల్లా యాదృచ్ఛికంగా తిరగరు, ఉద్దేశంతో కదులుతారు. సమయం తక్కువైతే మేం మొదట తీసేసేది ఇదే.

వీఆర్‌లో గొప్ప సౌకర్యం, ఒకే బౌలర్‌ను వందసార్లు ఎదుర్కోవచ్చు, ఎవరి భుజమూ అరగదు. హెడ్‌సెట్ కనీసం 90 హెర్ట్జ్‌లో నడవాలి. తల తిప్పిన క్షణానికీ దృశ్యం కదిలిన క్షణానికీ మధ్య ఆలస్యం 20 మిల్లీసెకన్లు దాటితే కడుపులో తిప్పుతుంది. కంటిపాపల మధ్య దూరాన్ని ఒక్కో ఆటగాడికి కొలిచి సర్దాలి. ఒకరి కొలతతో అందరికీ పెట్టేస్తే లోతు అంచనా తప్పుతుంది. ఇంకో పరిమితి పరికరంలోనే ఉంది. బంతి దగ్గరికొస్తున్నకొద్దీ కళ్లు లోపలికి తిరుగుతాయి, కానీ కంటికటకం మాత్రం ఒకే దూరంలో ఉన్న తెర మీదే నిలిచి ఉంటుంది. అందువల్ల ఆఖరి మీటరులో బంతి ఎంత దూరంలో ఉందో నమ్మకంగా చెప్పలేం. బౌలర్‌ను చదవడానికి వీఆర్ వాడండి, బంతిని బ్యాటు మధ్యలో కొట్టడం నెట్స్‌లో నేర్పండి. ఒక్కసారికి 10 నుంచి 15 నిమిషాలు, చుట్టూ మూడు మీటర్ల ఖాళీ, పక్కన ఒక మనిషి తప్పనిసరి.

కంటి ట్రాకింగ్ కళ్లజోడు శిక్షణ పరికరం కాదు, రోగనిర్ధారణ పరికరం లాంటిది. 1996లో పరిశోధకురాలు జోన్ వికర్స్ బాస్కెట్‌బాల్ ఫ్రీ త్రో మీద పనిచేసి 'క్వైట్ ఐ' అన్న మాట తెచ్చారు. చేయి కదలకముందు చూపు ఒకేచోట, 3 డిగ్రీల లోపల, కనీసం 100 మిల్లీసెకన్లు కుదురుగా నిలవడం అది. నిపుణుల్లో ఆ నిలకడ ఎక్కువసేపు ఉంటుంది. నేర్పడానికి ఖరీదైన కళ్లజోడు లేకపోయినా మొదలుపెట్టొచ్చు: రిమ్ మీద ఒక్క చోటు ఎంచుకోవాలి, చేయి పైకి లేవకముందు అక్కడ ఒక సెకను చూపు ఆనించాలి. ఒక ఫోనుతో ముఖం దగ్గరగా, మరో ఫోనుతో శరీరం మొత్తం తీసి, మొదట్లో ఒక చప్పట్టు కొట్టి రెండు వీడియోలనూ దానితో జతచేస్తే చూపు ఎప్పుడు కదిలిందో, చేయి ఎప్పుడు లేచిందో తెలుస్తుంది. కళ్లజోడు దొరికితే ఆరుబయట ఎండలో జాగ్రత్త. అది పరారుణ కాంతితో పాపను వెతుకుతుంది, ఎండలోనూ అదే కాంతి ఉంటుంది కాబట్టి కొలతలు తెగిపోతాయి. నీడపట్టున, ప్రతి పది నిమిషాలకోసారి కాలిబ్రేషన్ సరిచూస్తూ వాడాలి.

వారంలో ఎక్కడ పెట్టాలి, ఎలా కొలవాలి

క్లిప్పులు నెట్స్‌కు ముందు, తల తాజాగా ఉన్నప్పుడు. అవి అయ్యాక అరగంటలోపే అదే రకం బౌలర్‌ను నెట్స్‌లో ఎదుర్కొనేలా చూడండి, తెర మీద పట్టిన ఆనవాలును అసలు మనిషిలో వెతికే అవకాశం వస్తుంది. స్ట్రోబ్ వారానికి రెండుసార్లు, వార్మప్ తర్వాత. పాడ్స్ ఫిట్‌నెస్ రోజున ఒకసారి. మొత్తం కలిపి వారానికి గంటంబావు దాటకూడదు. మ్యాచ్ ముందు రోజు కొత్తది ఏదీ వద్దు. నిద్ర చాలని రోజు స్కోరు పడిపోతుంది, కాబట్టి ఎంతసేపు పడుకున్నారో స్కోరు పక్కనే రాయండి.

మొదలుపెట్టకముందు దాచిన 40 క్లిప్పులతో రెండు వేర్వేరు రోజుల్లో పరీక్ష పెట్టండి, పూర్తి క్లిప్పులు మాత్రం చూపించకుండా. రెండోసారి స్కోరు కొంత పెరుగుతుంది, అది పరీక్షకు అలవాటుపడినందుకే. ఆ రెండో స్కోరునే ఆధారంగా పెట్టుకోండి. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి కాబట్టి కళ్లు మూసుకుని చెప్పినా 40కి 10 వస్తాయి. 12, 13 వచ్చినంత మాత్రాన ఏమీ చదివినట్టు కాదు. 16 దాటితేనే ఆటగాడు నిజంగా ఏదో పడుతున్నాడని నమ్మొచ్చు.

దానికన్నా ముఖ్యమైనది మైదానం పరీక్ష. శిక్షణలో చూపని బౌలర్‌తో 30 బంతులు వేయించి, పక్కనుంచి తీసి, మొదటి కాలు కదలిక సరైన వైపుకే ఉందా, బంతి వదిలాక ఎన్ని ఫ్రేములకు మొదలైంది అన్నవి రాయండి. మార్కులు వేసేవారికి ఈ వీడియో శిక్షణకు ముందుదో తర్వాతదో తెలియకూడదు. తెలిస్తే మంచి కోచ్ కూడా తన ఆటగాడికి ఒకట్రెండు ఎక్కువ వేస్తారు. ఇదే పరీక్ష ఆరు వారాల తర్వాత ఒకసారి, శిక్షణ ఆపిన నెలకు మరోసారి.

తెర స్కోరు పెరిగి మైదానం స్కోరు కదలకపోతే వెతకాల్సిన చోట్లు ఈ వరసలో ఉంటాయి: క్లిప్పులు గుర్తుండిపోయాయా, తెర మీద బొమ్మ పరిమాణం తప్పా, జవాబు కాళ్లతో కాకుండా చేత్తోనో మాటతోనో ఇస్తున్నారా, నెట్స్‌లో బౌలింగ్ మెషిన్‌తో ఆడిస్తున్నారా. చివరిది తరచుగా దొరికే దోషి. మెషిన్‌కు మణికట్టు లేదు, భుజం లేదు. వారంలో మూడు రోజులు ఆనవాళ్లు చదవడం నేర్పి, మిగతా మూడు రోజులు ఆనవాళ్లే లేని మెషిన్ ముందు నిలబెడితే ఆటగాడు మళ్లీ బంతి కనిపించేదాకా ఆగడం అలవాటు చేసుకుంటాడు. మెషిన్ మానలేకపోతే, బంతి బయటికి రావడానికి తగ్గట్టు బౌలర్ పరుగు వీడియోను దాని వెనక తెర మీద నడపండి. బంతి వదిలే ఫ్రేము, మెషిన్‌లోంచి బంతి వెలువడే క్షణం ఒకటయ్యేలా జతచేయాలి. ఆ బంతి ఏ రకమో, వీడియోలో బౌలర్ వేసింది కూడా అదే రకం అయివుండాలి.